చట్రానికి అటువైపు

ఎవ్రార్ ముసలాయనతో చెయ్యి కలిపితే మన మణికట్టు కాస్త కుడికి తిరిగి వస్తుంది. మా షాంపేన్ పల్లెలో ఫాదర్ గారి చెయ్యి అలాగే బెణికిందని నేను పందెం కాస్తాను. తలకిందులుగా పెట్టిన నురుగు వైన్ సీసాలను, మడ్డి మూతలోకి దిగేదాకా, రోజూ కొద్దికొద్దిగా తిప్పే చెయ్యి అది. ఆ ఇంటివాళ్లు చివర్లో అందరూ కలిపే పంచదార కూడా కలపరు, కలిపేదల్లా ఓపికే. రెండు వైపులా సీసాలుండే చెక్క చట్రానికి అటువైపు భార్య ఓడిల్ నిలబడి, తిప్పుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఆమె పోయాక రెండు వైపులా ఆయనే తిప్పుతున్నాడు. ఇటువైపు ఉన్నప్పుడు మాత్రం "వింటున్నావా?" అంటుంటాడు.

మొన్న కోడలు నేలమాళిగలోకి దిగి, "ఇంకా ఎన్నాళ్లు మావయ్యా ఈ చాకిరీ? మిషను కొందాం. వారంలో అయిపోతుంది," అంది.

"వారంలో అయిపోతే, తర్వాత మీ అత్తయ్యతో ఎక్కడ మాట్లాడమంటావే పిల్లా?" అన్నాడాయన, సీసా తిప్పుతూనే.