నడుము ఎవరి చేతిలో పెట్టాలి?

ఆ రోజు ఫస్ట్ షిఫ్టు చేసి ఇంటికొచ్చి, గడప దగ్గర కూర్చొని బూట్లు విప్పాను. ఎడమ బూటులోంచి రేగుపండంత బొగ్గు పెళ్ల రాలింది. సాక్సు నెత్తురుతో తడిసి మడమకు అంటుకుపోయింది. షిఫ్టంతా ఆ పెళ్లను తొక్కుతూ తిరిగాను, నాకు తెలియలేదు.

నీళ్ల చెంబుతో వచ్చిన నా భార్య ఎల్లవ్వ చూసి అరిచింది. "గింత నెత్తురు కారంగ సోయి లేదా నీకు?"

నవ్వి, చెంబు అందుకొని కాలు కడుక్కున్నాను. ఆమె లోపలికి పోయాక మడమను గట్టిగా గిల్లి చూసుకున్నాను. వేరేవాళ్ల కాలు గిల్లినట్టు ఉంది. అప్పుడు మొదలైంది భయం.

అవి రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో నేను టింబర్‌మన్‌ని. పైకప్పు కూలకుండా కింద కర్ర ప్రాపులు నిలబెట్టడం మా పని. బడికి పోయినవాణ్ణి కాదు. యూనియన్ ఆఫీసులో పాత పేపర్లు ముందేసుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువు నేర్చుకున్నాను. కాబట్టి ఎవరైనా అర్థం కాని మాట నా మీద విసిరితే, అర్థమయ్యేదాకా వదలను. ఈ జబ్బులో నాకు నొప్పి కంటే ఎక్కువ కోపం తెప్పించినవి అలాంటి మాటలే.

నడుము నొప్పి అంతకుముందు నుంచీ ఉంది. దవాఖానలో డాక్టరు చూసి, "డిస్క్ జరిగినట్టుంది. బరువు ఎత్తకు. కాలు బలం తగ్గితే వెంటనే రా" అని గోలీలు రాశాడు. గోలీలతో నొప్పి తగ్గింది. నొప్పి తగ్గింది కదా, జబ్బు తగ్గిందనుకున్నాను. కానీ నొప్పి వదిలిన చోటల్లా మొద్దుబారుతూ వచ్చింది. ముందు మడమ, తర్వాత పిక్క, తర్వాత తొడ వెనుక భాగం.

ఎల్లవ్వ తమ్ముడు రాజేశం మా గనిలోనే పనిచేసేవాడు. ఓ సాయంత్రం మెడ ఇటూ అటూ తిప్పుకుంటూ వచ్చాడు.

"బావా, ఫంక్షన్ హాల్ల కైరోప్రాక్టర్ క్యాంపు వెట్టిండ్రు. నా మెడ గిట్ల పట్టిండు, గట్ల తిప్పిండు, కటక్కుమన్నది. ఏండ్ల నొప్పి ఎటువోయిందో!"

అదే వారం సికింద్రాబాదులో ఉండే నా బిడ్డ సుజాత ఫోన్ చేస్తే క్యాంపు సంగతి చెప్పాను. "బాపూ, గా క్యాంపుకు పోకు. ఈడ ఓస్టియోపాత్ డాక్టరమ్మ ఉన్నది. విదేశంల చదువుకొని వచ్చింది. మా ఓనరమ్మకు నడుము మంచిగ చేసింది."

"ఓస్టియోపాత్ అంటె ఏంది బిడ్డా?"

"ఎముకలు, కండరాలు సూసి, మందు లేకుంట చేత్తోని నయం చేస్తరు."

"మరి కైరోప్రాక్టరు?"

"ఆయన గూడ చేత్తోనే."

"గట్లయితె తేడా ఏంది?"

"నాకు గూడ తెల్వది బాపూ" అన్నది.

క్యాంపు పాంప్లెట్ తెప్పించి పైనుంచి కిందిదాకా చదివాను. అంతా తెలుగు అక్షరాలే, తెలుగు మాత్రం ఒక్క ముక్క లేదు. నడుము మాది, నొప్పి మాది. మాకర్థమయ్యేటట్టు ఒక్క వాక్యం రాయడానికి ఏమొచ్చింది? రాజేశాన్ని అడిగితే వాడి లెక్క వాడు చెప్పాడు.

"ఈయన చేస్తె సప్పుడొస్తది. ఆమె చేస్తె సప్పుడు రాదట. గంత దూరం పోయి సప్పుడు గూడ లేకుంటె ఎట్ల బావా?"

నిజం చెప్పాలంటే మా బస్తీలో అందరూ అలాగే అనుకునేవాళ్లు. చప్పుడు వస్తే ఎముక చోటుకు పడినట్టు లెక్క. క్యాంపు దగ్గర, సికింద్రాబాదు దూరం. క్యాంపుకే పోయాను.

హాలులో పెద్ద వరుస. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే బల్ల మీద పడుకుంటున్నారు. కటక్ మనగానే వరుసలో ఉన్నవాళ్లు "అయిపాయె!" అని సంబరపడుతున్నారు. నా వంతు వచ్చింది. "నొప్పి ఎక్కడ?" అని కైరోప్రాక్టర్ ఒక్క మాట అడిగాడు. చూపించాను. బోర్లా పడుకోమన్నాడు. నడుము కంటే ముందు భుజాల మధ్య అరచేయి ఆనింది, ఒక్క ఒత్తు. నా వీపులోంచే వచ్చింది ఆ చప్పుడు.

కర్ర ప్రాపు మీద బరువు పెరిగితే ముందు మూలుగుతుంది. తర్వాత కటక్ మంటుంది. అది విన్నాక చేతిలో ఏముంటే అది పడేసి పరుగెత్తాలి. ఎందుకు ఏమిటని ఆలోచించినవాడు మిగలడు. జీవితమంతా అలా పరుగెత్తి బతికినవాణ్ణి. బల్ల మీంచి ఎప్పుడు దూకానో నాకే తెలియదు. చెప్పులు అక్కడే వదిలి తలుపు వైపు ఉరికాను.

హాలంతా నవ్వులు. "ఏంది బావా, రూఫ్ పడ్తున్నదా?" అని రాజేశం వెనక నుంచి అరిచాడు.

తలుపు దగ్గర నా ఎడమ పాదం లేవలేదు. గడపకు తట్టుకొని బొక్కబోర్లా పడ్డాను. రాజేశం నవ్వు ఆగిపోయింది. "లే బావా, లే" అంటూ చంకల కింద చేతులేసి నన్ను ఎత్తాడు.

ఆ రాత్రి మూత్రం రాలేదు. మంచం మీద కూర్చుంటే కింద మంచం ఉన్నట్టు తెలియలేదు. ఎల్లవ్వ "ఎట్లున్నది?" అని అడిగితే "మంచిగనే ఉన్న" అన్నాను. అలాంటి మాట ఆడమనిషికి ఎట్లా చెప్పాలి? పాదం లేవడం లేదని ఎల్లవ్వ పట్టుబడితే, తెల్లారి రైలెక్కి సికింద్రాబాదులో సుజాత చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

ఓస్టియోపాత్ డాక్టరమ్మ నన్ను పడుకోమనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. నొప్పి ఎప్పటి నుంచి, కాలు ఎక్కడ మొద్దుబారింది, తగ్గుతున్నదా పెరుగుతున్నదా. తర్వాత మామూలు గొంతుతో, "పెద్దాయనా, మూత్రం మామూలుగా వస్తున్నదా? కూర్చునే చోట స్పర్శ తెలుస్తున్నదా?" అన్నది.

నేను తల దించుకున్నాను. ఎల్లవ్వ నా ముఖంలోకి చూసింది. "చెప్తలేవేంది! డాక్టరమ్మ అడుగుతున్నది గద!"

చెప్పాను. ఆమె దూదితో, సూదితో రెండు తొడల లోపలి వైపు తాకి చూసింది. సూది ఎప్పుడు తాకిందో నాకు తెలియలేదు. వెంటనే చేతులు వెనక్కు తీసుకున్నది.

"మిమ్మల్ని నేను ముట్టుకోను. ఇది నా పని కాదు. ఇప్పుడే న్యూరోసర్జన్ దగ్గరికి పోవాలి. ఆటో పిలుస్తాను."

చేత్తో నయం చేసే మనిషి చేతులు వెనక్కు తీసుకోవడం చూసి సంగతి చిన్నది కాదని అర్థమైంది. ఆటోలో ఎల్లవ్వ నా చేయి వదలలేదు. నేనైతే ఒక్కటే అనుకుంటున్నాను: రేపటి నుంచి నన్ను ఎవరు మోస్తారు?

ఎమ్మారై తీశారు. డిస్క్ పూర్తిగా జారి, నడుము కింద నరాల కుచ్చును నొక్కేస్తున్నదట. "కాడా ఈక్వైనా. ఎమర్జెన్సీ" అన్నాడు సర్జన్, ఆ కుచ్చు పేరు చెప్తూ. "కాళ్లొస్తయా సారూ?" అని ఎల్లవ్వ అడిగింది. "ఆపరేషన్ చేస్తాం. ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడు చెప్పలేను" అన్నాడు. క్యాంపులో ఒత్తడం వల్లనే ఇదంతా జరిగిందా అని అడిగాను. "డిస్క్ ముందే జారుతున్నది. ఆ ఒత్తుడు ఎంత చెరుపు చేసిందో, నడుము కూడా తిప్పి ఉంటే ఏమయ్యేదో, రెండూ చెప్పలేను." ఆయన అబద్ధం ఆడనందుకు ఇప్పటికీ గౌరవం.

ఆపరేషన్ అయింది. కుడికాలు త్వరగానే నా మాట విన్నది. ఎడమ పాదం వినలేదు. క్యాథెటర్ గొట్టం తీస్తే మూత్రం రాలేదు, మళ్లీ పెట్టారు. తర్వాత ఇన్ఫెక్షన్, చలిజ్వరం. ఆ రోజుల్లో నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. గొట్టం మళ్లీ తీశాక, ఓ పొద్దున తడి తగిలి మెలకువ వచ్చింది. పక్క తడిసింది. తడి నాకు తెలిసింది! సంతోషం పట్టలేక ఎల్లవ్వను లేపితే, ఆమె దుప్పటి తీస్తూ, "పసిపిల్లగాని లెక్క పక్క తడుపుకొని గింత సంబురమా!" అని తిడుతూనే ఏడ్చింది.

నడక వచ్చాక డాక్టరమ్మకు దండం పెట్టి రావడానికి పోయాను. నా అనుమానం వదల్లేదు, అడిగాను.

"అమ్మా, కైరోప్రాక్టరు చేస్తె సప్పుడొస్తది, మీరు చేస్తె రాదట. మీ ఇద్దరిల ఎవరు మంచోళ్లు?"

ఆమె నవ్వింది. "చప్పుడు ఎముకది కాదు పెద్దాయనా, కీలులో గాలి బుడగది. ఒక్కోసారి నేను చేసినా వస్తుంది. మంచి కైరోప్రాక్టర్ అయినా నేనడిగినవే అడిగేవాడు, మిమ్మల్ని దవాఖానకే పంపేవాడు."

అంటే నేను భయపడాల్సింది చప్పుడుకు కాదు, ఏమీ అడగకుండా వీపు మీద పడిన చేతికి. ఇంత చిన్న ముక్క పాంప్లెట్లో రాసేవాడు లేడు.

తర్వాత గనిలోకి దిగకుండా పైన లైట్ డ్యూటీ చేసి రిటైరయ్యాను. తెలంగాణ వచ్చిన రోజు చేతికర్ర పట్టుకొని చౌరస్తా దాకా నడిచి అందరితో పాటు నిలబడ్డాను. ఎడమ పాదం ఇప్పటికీ ఈడ్చుకుపోతుంది. చెప్పు జారిపోతే ఎవరో పిలిచి చెప్తే గాని తెలియదు.

ఈ మధ్య నడుము నొప్పి అని ఎవరొచ్చినా నేను చెప్పేది ఒక్కటే. ఓస్టియోపాతా, కైరోప్రాక్టరా అన్నది తర్వాతి సంగతి. కాలు బలం తగ్గుతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా ఎవరి బల్లా ఎక్కొద్దు, ఆ గంటలోనే పెద్ద దవాఖానకు పోవాలి. ఎవరూ అడగకపోయినా మీరే నోరు తెరిచి చెప్పాలి. సిగ్గుపడి నేను నోరు మూసుకున్నది ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రినే రోజూ ఈడ్చుకుంటూ నడుస్తున్నాను.