నత్తమ్మ నిద్దర కొట్టు

పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రంలో ఆమెను అందరూ జోజో ఆయా అంటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాపలు పరిచి, వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూ జోలపాట అందుకుందంటే ఎంతటి గడుగ్గాయైనా కళ్ళు మూయాల్సిందే. అన్నీ వాళ్ళమ్మ దగ్గర విన్న పాత పాటలే. సగం పాటకే గది సద్దుమణిగేది. పిల్లలు పడుకున్నాక ఇంకా పాడటం దేనికి, గొంతు నొప్పి తప్ప? అక్కడికి ఆపేసి కంచాలు కడగడానికి పోయేది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి.

ఒక సెలవు రోజు కూతురు తన పిల్లతో వచ్చింది. భోజనాలయ్యాక మనవరాలు మంచమెక్కింది.

"అమ్మమ్మా, నువ్వు పాడితే గోడలు కూడా నిద్రపోతాయటగా! ఏదీ, పాడు."

ఆయా మురిసిపోయింది. గొంతు సవరించుకుంది.

"నత్తమ్మా నత్తమ్మా, ఎక్కడికమ్మా?
నిద్దర కొట్టుకు పోతున్నానమ్మా.
చీమమ్మ అడిగింది చిటికెడు నిద్దర,
పిల్లమ్మ అడిగింది గుప్పెడు నిద్దర..."

పాట ఆగింది. మనవరాలు కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

"తర్వాత? కొట్టు తీసుందా, మూసేశారా?"

ఆయా వెతుక్కుంది. లేదు. ఎంత తవ్వినా చివరి చరణం లేదు. పాడక పాడక మాసిపోయింది. ఆ మాట ఒప్పుకుంటే పోయేది. కానీ జోజో ఆయా అనిపించుకున్న మనిషి!

"పడుకోక ఏమిటే ఆరాలు? మంచి పిల్లలు ఈపాటికి నిద్రపోతారు. మూయ్ కళ్ళు!"

పిల్ల గభాల్న కళ్ళు మూసుకుంది. నిజంగా నిద్రపోయిన పిల్ల రెప్పలు అలా బిగుసుకుని వణకవు. అది ఆయాకు తెలియనిది కాదు. చెవులు వేడెక్కాయి.

"లేదులేవే తల్లీ, కళ్ళు తెరువు. నాకే గుర్తు లేదు. ఊరికే కసిరాను."

పక్కనే బట్టలు మడతపెడుతున్న కూతురు తలెత్తకుండానే అంది: "నేనూ అలాగే మూసుకునేదాన్ని."

"నువ్వా? నాలుగో ముక్కకే నిద్రపోయేదానివి కదే!"

"ఎక్కడి నిద్రమ్మా! అలిసిపోయి వచ్చేదానివి. అడిగితే విసుక్కుంటావని నిద్ర నటించేదాన్ని. నువ్వు లేచి వెళ్ళాక చివరి చరణం నేనే కట్టుకునేదాన్ని."

"ఏం కట్టావమ్మా? చెప్పు, చెప్పు!" మనవరాలు లేచి కూర్చుంది.

కూతురు కాస్త సిగ్గుపడుతూనే పాడింది.

"కొట్టు మూసేశారమ్మా, మెట్టు మీద నత్తమ్మ
తనకు తానే జోకొట్టి తొంగుందమ్మా."

"భలే ఉంది! ఇంకోసారి!"

కూతురు మళ్ళీ పాడుతోంది. ఆయాకు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం చాలలేదు. మంచం మీద దుప్పటి అంచులు లాగి సర్దడం మొదలుపెట్టింది. అది సరిగ్గానే ఉంది.