ఫిరంగి లేని బండి

డెబ్భైల చివర్లో ఒక మధ్యాహ్నం, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా ఒళ్లో ఒక అట్ట బండి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చెడిపోయిన ట్యాంకుల్ని ఈడ్చుకొచ్చిన జర్మన్ బండికి అది నమూనా. సైకిల్ చైన్లు పట్టాలుగా, దారపు కండె వెనక తాడు చుట్టి లాగే గిలకగా పెట్టి, నేనూ రాతి శిల్పాలు చెక్కే నా స్నేహితుడూ ఆరు నెలలు కూర్చుని చేశాం. నంద్యాలలో జరిగిన నమూనాల పోటీలో, బండి పక్కన పెట్టే చీటీ మీద వాడు తన పేరొక్కటే రాసుకున్నాడు. జడ్జీలకు ట్యాంకులా కనపడాలని, నాతో మాటైనా చెప్పకుండా, ముందు ఒక ఫిరంగి గొట్టం అతికించాడు. గెలిచిన కప్పు పట్టుకుని ఎవరిదో జీపెక్కి వెళ్లిపోయాడు. బండిని నాకు వదిలేశాడు.

పక్క సీట్లో పాత మిలిటరీ కోటు వేసుకున్న పెద్దాయన వెనకనున్న గిలకను చాలాసేపు చూశాడు.

"ఈడ్చుకొచ్చే బండికి ఫిరంగి యాడిదప్పా?"

"నేను పెట్టలేదు. మీకెట్ల తెలుసు?"

"ట్యాంకులో పనిజేసినోణ్ని. ఎనక ఇట్లాంటిది వస్తాదనే నమ్మకంతోనే ముందుకు పోతాం."

"రాకుంటే?"

"మాకు రాలేదు."

పెద్దాయన గోటితో గొట్టాన్ని పీకి, జిగురు మరక తుడిచి, నా జేబులో వేశాడు. "అతికించినోనికే ఇయ్యి" అని శిరివెళ్లలో దిగిపోయాడు.

ఇద్దామని నా స్నేహితుడింటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆ కప్పు ఎదురుగానే కూర్చోబెట్టి, నవ్వుతూ టీ ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

గొట్టం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.