నాన్న బ్లేడ్ల డబ్బా

నాన్న పోయిన నెలకు, ఒక ఉదయం ఆరుంబావుకు, ఆయన గడ్డం గీసుకునే అద్దం దగ్గర సర్దాను. కింద పాత పౌడరు డబ్బా ఉంది. మూతకు సన్నగా కోత పెట్టి, వాడేసిన బ్లేడ్లు అందులో వేసేవారు. గుర్తుగా దాచుకోవాలనిపించి డబ్బా ఖాళీ చేశాను. బ్లేడ్లు కాగితంలో చుట్టి పెరటి దిబ్బలో పడేశాను. నూజివీడు దగ్గర మా ఊళ్లో ఆ దిబ్బే తొలకరికి మామిడి పాదుల్లో ఎరువవుతుంది. నాకది తట్టలేదు.

వానలు పడ్డాక మా తోటలో పనిచేసే నాగమణి చేత్తో ఎరువు సర్దుతూ ఆగిపోయింది. అరచేతి నిండా రక్తం.

"ఏదో కోసుకుందండి. వేలు మొద్దుబారిపోయింది."

ఆ చేతుల మీదే ఆమె ఇల్లు గడుస్తుంది. ఆసుపత్రికి ఆటోలో వెళ్తూ, నాన్న డబ్బా దాచుకోవాలని ఆ బ్లేడ్లు నేనే దిబ్బలో వేశానని చెప్పాను. ఆమె చేతికి చుట్టిన గుడ్డ బిగించుకుంది.

"అయ్యగారు అన్నేళ్లు డబ్బాలో పెట్టింది ఇందుకేనండి. మీరేమో డబ్బా దాచుకుని బ్లేడ్లు మాకిచ్చారు" అంది.

నరం తెగలేదని చెప్పి డాక్టరు కుట్లు వేశారు. పై వేసవి కోతలకు నాగమణి వచ్చి, "చూడండి" అంటూ వేలు ముడిచి చూపించింది. రోజంతా ఆ చేత్తోనే కాయలు ఏరింది.

ఇప్పుడు నాన్న డబ్బాలో మా ఆయన బ్లేడ్లు పడుతున్నాయి. నిండాక మూతకు టేపు చుట్టి, లోపల ఏముందో చెప్పి, పంచాయతీ చెత్త బండి మనిషికి విడిగా ఇచ్చేస్తాను. ఆ డబ్బాను ఇక ఎవరం ఖాళీ చేయం.