చెయ్యెత్తి ఆపిన రన్

పోయిన ఆదివారం నేను వెలగబెట్టిన నిర్వాకం వినండి. ముందే చెప్పేస్తున్నా, దాని దెబ్బకి డబ్లిన్‌లో నాకో కొత్త పేరొచ్చింది. మార్చుకుందామన్నా మారదట! టీ చల్లారేలోపే చెప్పేస్తా, మధ్యలో నవ్వకండి. సరే, నవ్వుకోండి. చెప్తే మాత్రం ఆగుతారా?

మా పాప మేఘనకి పుట్టినప్పటి నుంచీ వినపడదని మీకు తెలుసుగా. ఇప్పుడు పదేళ్లు. స్కూల్లో, ఫ్రెండ్స్‌తో, ఇంట్లో వాళ్లమ్మతో మాటంతా చేతులతోనే, ఐరిష్ సైన్‌లో. మా ఆవిడ స్వాతి రెండేళ్లుగా గురువారం క్లాసుకి వెళ్లి చక్కగా నేర్చేసుకుంది. నేనా? చెర్రీవుడ్‌లో ఆఫీసు, లూకన్‌లో ఇల్లు, మధ్యలో ట్రాఫిక్, సరిగ్గా గురువారం సాయంత్రమే ఏదో మీటింగ్. నిజం చెప్పాలంటే బద్ధకం. నాకొచ్చినవల్లా అన్నం, నీళ్లు, పడుకో, సారీ. సారీ మాత్రం చాలా బాగా వచ్చు, రోజూ వాడతా కాబట్టి.

ఇంకోటి కూడా వచ్చు. డెఫ్ వాళ్లు మనలా చప్పట్లు కొట్టరు. రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఊపుతారు. స్కూల్ ఫంక్షన్‌లో నేనొక్కణ్ణే టపటపా కొడుతుంటే మేఘన నా చేతులు పట్టుకుని మరీ నేర్పింది. ఆ ఒక్క ముక్కా నాకు కంఠతా వచ్చని మహా ధీమా. కొంప ముంచింది అదే, చెప్తా ఉండండి.

వాళ్లలో ప్రతి మనిషికీ ఒక సైన్ పేరుంటుంది. మనకి మనం పెట్టుకోకూడదు, డెఫ్ వాళ్లే మనల్ని చూసి పెట్టాలి. మేఘన పేరు బుగ్గ మీద సొట్ట. స్వాతి పేరు చెవి పక్కన రింగుల జుట్టు. నాకు లేదు! "కవర్ డ్రైవ్ కొట్టినట్టు పెట్టమనవే, స్టయిలుగా ఉంటుంది" అన్నా స్వాతితో. "అడిగితే ఇచ్చేది కాదండీ అది. ముందు వాళ్లలో కలవాలి" అంది.

ఇక అసలు కథ. మా పార్కులో డెక్లాన్ అని ఒకాయన నెలకో ఆదివారం బేస్‌బాల్ ఆడిస్తాడు. ఆయనా డెఫ్. అమెరికాలో కొన్నేళ్లుండి ఆ ఆట పిచ్చి తగిలించుకుని వచ్చాడు. బేస్‌బాల్‌లో కోచ్‌లు టోపీ ముట్టుకుని, ముక్కు ముట్టుకుని దూరం నుంచే ఆటగాళ్లకి ఏం చెయ్యాలో చెప్తారట. "వాళ్లు కష్టపడి నేర్చుకునేది మేం పొద్దున లేస్తే చేసేదే" అంటాడట. స్వాతి చెప్పింది.

శనివారం మేఘన నా ముందుకొచ్చి నిలబడింది. చేతులు చకచకా కదుపుతోంది. స్వాతి పక్క నుంచి తెలుగులో చెప్తోంది.

"క్లాసుకి ఎలాగూ రావు, రేపు ఆటకైనా రా నాన్నా అంటోంది. తనకి ఇంతవరకూ ఒక్క రన్ కూడా రాలేదట. నువ్వు కాలేజీ క్రికెట్ టీమ్‌లో ఓపెనర్‌వి కదా, నువ్వుంటే వస్తుందేమో అంటోంది."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో మీరు చూడాలి!

ఆదివారం స్వాతికి హాస్పిటల్‌లో డ్యూటీ. అంటే నేనూ మేఘనా ఇద్దరమే, మధ్యలో దుబాసీ లేదు. పైగా ఆ గ్రౌండ్‌లో నోటి మాట బంద్. వినపడే తల్లిదండ్రులు కూడా అక్కడ నోరు మెదపరు, అది అక్కడి మర్యాద. ఆటకి ముందు డెక్లాన్ బోర్డు మీద బొమ్మలు గీసి రూల్స్ చెప్పాడు, అంతా చేతులతో. మనమేమో ఫోన్ చూస్తూ ఊఁ ఊఁ అంటూ వినడానికి అలవాటు పడ్డ ప్రాణం. అక్కడ కళ్లు పక్కకి తిప్పితే ఒక్క ముక్క అందదు. క్రికెట్ ఆడినవాడికి ఇదెంతలే అనుకుని నేను వాన పడుతుందా లేదా అని ఫోన్‌లో చూస్తూ కూర్చున్నా.

పక్కనున్న పిల్లల్ని చూసి కొంత అర్థం చేసుకున్నా లెండి. హోమ్ దగ్గర నిలబడి కొట్టాలి. మూడు బేస్‌లు చుట్టి మళ్లీ హోమ్‌కి వస్తే ఒక రన్. అంతేగా!

ఆట చివరికొచ్చింది. మేం ఒక్క రన్ వెనక. ఇంకొక్కరు అవుటైతే ఓడిపోయినట్టే. మూడో బేస్ మీద మేఘన, హోమ్‌కి ఒక్క ఉరుకు దూరంలో. తన మొదటి రన్. బ్యాటింగ్‌కి నేను!

మేఘన నా వైపే చూస్తోంది. ఆ కళ్లు చూసి బ్యాట్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నా.

మొదటి బంతికి గాలిని కొట్టా. రెండోదీ అంతే. మూడోది తగిలింది! గట్టిగా కాదు, నేల మీద దొర్లుకుంటూ పోయింది. ఫీల్డర్ దగ్గర్లోనే ఉన్నాడు. మేఘన అప్పటికే పరుగు మొదలెట్టేసింది. నాలోని ఓపెనర్ లేచాడు. ఇది రిస్కీ సింగిల్, రనౌట్ అయిపోతుంది పిచ్చిపిల్ల! ఏళ్ల నాటి అలవాటు, చెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి చూపించా. నో! ఆగు!

మేఘన టక్కున ఆగిపోయింది. ఎందుకాగదూ? ఆ గ్రౌండ్‌లో చెయ్యే మాట. అందులోనూ నాన్న చెయ్యి.

ఇంతలో ఫీల్డర్ కాళ్ల మధ్య నుంచి బంతి జారిపోయింది. చూస్తే మా టీమంతా రెండు చేతులూ పైకెత్తి ఊపేస్తున్నారు! వాళ్ల టీమ్ కూడా! గడ్డి మీద కూర్చున్న ముసలావిడ కూడా లేచి నిలబడి ఊపుతోంది! చప్పట్లే! అవతలి టీమ్ వాళ్లు కూడా మెచ్చుకుంటున్నారంటే ఎంత పెద్ద మనసు వీళ్లది! నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి. మెల్లగా హెల్మెట్ తీశా. బ్యాట్ పైకెత్తా. హాఫ్ సెంచరీ కొట్టినవాడిలా నాలుగు వైపులకీ తిరిగి చూపించా.

నాలుగో వైపు తిరిగేసరికి ఆ ఫీల్డర్ బంతి వెతికి తెచ్చుకుని, విసరను కూడా విసరకుండా, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి మొదటి బేస్ మీద కాలు పెట్టాడు. డెక్లాన్ పిడికిలెత్తాడు. అవుట్. ఆట సమాప్తం.

డెక్లాన్ నా భుజం మీద చెయ్యి వేసి బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. వేలు పెట్టి చూపించాడు. మొదటి లైనే. బంతిని ముందుకి కొడితే, అది మొదటి బేస్‌కి చేరేలోపు మనం అక్కడికి పరిగెత్తి తీరాలి. కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. అంటే ఆ ఊపిన చేతులు చప్పట్లు కావు, పరిగెత్తరా బాబూ అని!

ఇంటికి వస్తుంటే కార్లో మేఘన కళ్లు మూసుకుంది. నిద్ర కాదు. మనం అలిగితే మాట్లాడటం మానేస్తాం, తను కళ్లు మూసుకుంటుంది. అంతే, లైన్ కట్. ప్రతి రెడ్ లైట్ దగ్గరా వెనక్కి తిరిగి సారీ సైన్ చేశా. చూసేవాళ్లేరీ? పక్క కార్లో ఒకాయన చూసి, దేనికో పాపం, పర్లేదని చెయ్యి ఊపాడు. నాకు నిజంగా చాలా బాధేసింది. రన్ పోయినందుకు కాదు. మేఘనకి సర్దిచెప్పడానికి నా దగ్గర నాలుగు మాటల్లేవని.

సాయంత్రం కిచెన్‌లో టీ పెట్టుకుంటుంటే లైటు ఆరి వెలిగింది, మళ్లీ ఆరి వెలిగింది. మా ఇంట్లో పిలుపు అది. తిరిగి చూస్తే మేఘన స్విచ్ దగ్గర. అరచెయ్యి ఎత్తి ఆపింది. లేని హెల్మెట్ తీసింది. లేని బ్యాట్ ఎత్తి ఊపింది. వెక్కిరిస్తోందిలే అనుకుని సారీ చెప్పా. తల అడ్డంగా ఊపి, నా గుండెల మీద వేలు పెట్టి, మళ్లీ చేసింది. ఆపడం, హెల్మెట్, బ్యాట్.

అప్పుడు వెలిగింది నాకు. నా పేరు! ఆ పేరు చేసి చూపిస్తూ వాళ్ల డెఫ్ గ్రూప్‌లో వీడియో కూడా పెట్టేసిందట, అందరూ ఓకే అనేశారట. రెండేళ్లు ఎదురుచూసిన పేరు, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశా. మేఘన ఫోన్‌లో టైప్ చేసి చూపించింది. గురువారం క్లాసుకి రా నాన్నా, ముందు పరిగెత్తడం ఎలా చెప్పాలో నేర్చుకో అని.

నిన్న గురువారం. మీటింగ్ ఉన్నా లేచి వెళ్లిపోయా. టీచరమ్మ కూడా డెఫ్, నన్నెప్పుడూ చూసి ఎరగదు. ఒక్కొక్కరినీ పేరు అడుగుతోంది. నా వంతు రాగానే దర్జాగా లేచి, చెయ్యెత్తి ఆపి, హెల్మెట్ తీసి, బ్యాట్ ఎత్తా. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. ఆ వీడియోలో చెప్పిన మనిషివి నువ్వేనా అన్నట్టు నా వైపు వేలు చూపించి, కడుపు పట్టుకుని నవ్వి, రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఊపేసింది.

అవి చప్పట్లో, పరిగెత్తమనడమో నాకు అంతుపట్టలేదు. ఎందుకైనా మంచిదని క్లాసు చుట్టూ ఒక రౌండు పరిగెత్తొచ్చి కూర్చున్నా.