మగ్గం గుంటలో నీళ్లు

తుపాను వెలిసిన వారానికి, గుంట ఆరిందో లేదో చూద్దామని మగ్గంలోకి దిగిన మా ఆయన పైకి లేవలేకపోయాడు. "పిక్కలు పట్టి పిండినట్టు ఉండాదే" అన్నాడు. ఒళ్లు కాలిపోతోంది.

మాది నగరి దగ్గర నేతపల్లె. తొంభైల నాటి ఆ కార్తీకంలో వాన పట్టి వదల్లేదు. ఏరు పొంగి రోడ్డు తెగింది. నేల ఊరి మగ్గం గుంట నిండింది. కాళ్లు దించుకుని నేసే ఆ గుంట మాకు దేవుడి గదితో సమానం. కాలికి దెబ్బ ఉందని ఆయన చెప్పులు వేసుకోబోతే మా అత్త ఒప్పుకోలేదు. "చెప్పులతో దిగబాకురా, కూడు పెట్టే తల్లి అది." వట్టికాళ్లతోనే రోజంతా నీళ్లు తోడాడు. చచ్చిన ఎలుకలు కూడా తేలాయి.

జ్వరం తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు పోయించాం, ఉప్పు మాన్పించాం. చివరికి మూత్రం ఆగిపోయింది. మంచం మీద మోసుకుని ఏరు దాటించి, అవతల జీపెక్కించి తిరుపతి తీసుకెళ్లాం.

"కిడ్నీలు పనిచేయడంలే, క్రియాటినిన్ బాగా పెరిగిందమ్మా, డయాలసిస్ చేయాల. వరద నీళ్లలో దిగినాడా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సామీ, గడప కూడా దాటలే" అంది అత్త. గుంటలోవి వరద నీళ్లని మాకెవరికీ తోచలేదు.

డయాలసిస్ చేసినా తేరుకోలేదు. దగ్గితే రక్తం పడింది. "లంగ్స్‌లో బ్లీడింగ్ ఉండాది. కారణం తేలకుంటే కష్టం" అన్నాడు డాక్టరు. కిటికీలోంచి కొండ కనబడుతుంటే దండం పెట్టబుద్ధి కాలేదు. కోపం వచ్చింది.

అత్త కొడుకు పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. "మగ్గం గుంట తోడి తోడి పడిపోయినాడే నా బిడ్డ!"

డాక్టరు వెనక్కి తిరిగాడు. "ఏం గుంట? ఎలుకలుండాయా ఆడ?"

అత్త తలూపింది. "లెప్టో అయ్యుంటాది, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లలోంచి పుండు గుండా ఒంట్లోకి పోయే జబ్బు" అని టెస్టుకు రక్తం పంపి, పెన్సిలిన్ మొదలుపెట్టించాడు. ఆ తర్వాత కూడా ఒకరోజు ఆక్సిజన్ పెట్టి, అయినవాళ్లను పిలిపించుకోమన్నారు. ఆశ వదిలేశాను. చివరికి "యూరిన్ వచ్చిందమ్మా" అని నర్సు సంచీ చూపిస్తే వార్డులో అందరి ముందూ బోరున ఏడ్చాను.

ఇప్పుడు ఆయన ఒక పూట నేస్తే ఒక పూట పడుకుంటాడు. అయినా ఉన్నాడు, అదే చాలు. తుపాను తర్వాత జ్వరం వస్తే, ఏ నీళ్లు తొక్కారో డాక్టరు అడక్కముందే చెప్పండి. ఇంట్లోకి వచ్చినవి కూడా వరద నీళ్లే.

మరుసటి ఏడు మబ్బు పట్టగానే అత్త పుత్తూరు వెళ్లి రబ్బరు బూట్లు కొనుక్కొచ్చింది. వాటికి పసుపూ కుంకుమా పెట్టి మగ్గం పక్కన నిలబెట్టింది.

"తొడుక్కోని దిగు నాయనా. తల్లి ఏమీ అనుకోదులే."