సుగ్గి మూటలో మలేరియా మాత్రలు

మలేరియా మీద పరిశోధన అంటే పొద్దస్తమానం మైక్రోస్కోపు ముందు కూర్చోవడమేనని మా మామగారి నమ్మకం. నిజానికి నా కాలు ఒకచోట నిలవదు. తగ్గిన మలేరియా కొందరికి మళ్లీ ఎందుకు తిరగబెడుతుందో తెలుసుకోవడం నా పని. ఆదోనిలో మందు తీసుకున్న ఉసేనమ్మ అనే వ్యవసాయ కూలీ రెండోసారి రక్తపరీక్షకు రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆమెది పద్నాలుగు రోజుల మందు. మధ్యలో మానేస్తే కాలేయంలో దాక్కున్న క్రిములు మళ్లీ రక్తంలోకి దిగుతాయి. ఇక కూర్చోలేక నేనే ఆమె ఊరికి బయలుదేరాను.

పొద్దున్నే ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాను. తిన్నాననడం కంటే మింగాననడం నయం. "నిదానంగా తిను సార్, బస్సులు శానా ఉండాయి" అని వడ్డించేవాడు నవ్వాడు. ఎమ్మిగనూరుకు దాదాపు గంట ప్రయాణం, టికెట్టు యాభై రూపాయల లోపే. స్టేజీ స్టేజీకీ బస్సు ఆగుతుంటే కాలుగాలిన పిల్లిలా సీట్లో అటూ ఇటూ కదులుతూనే ఉన్నాను.

అక్కడ దిగి కోసిగి వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఈ పొద్దు ఆడ ఎవురుంటారని పోతాండావన్నా? అందురూ సుగ్గికి పోతాండారు" అన్నాడు. సుగ్గి అంటే ఈ పల్లెలవాళ్లకు వలస. సొంత ఊళ్లో పనులు అయిపోగానే ఇళ్లకు తాళాలేసి, గుంటూరు వైపు మిరప కోతలకు గుంపులుగా పోతారు. ఊరు చేరేసరికి ఉసేనమ్మ ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ బుగ్గ నొక్కుకుంది.

"నీకెదురుగానే వ్యాన్లో పోయినారు గదప్పా! లారీ ఎక్కేది ఎమ్మిగనూర్లోనే."

అదే ఆటోను వెనక్కి తిప్పించాను. నా ఒక్కడికోసమే కాబట్టి మూడు వందలన్నాడు. బేరమాడే ఓపిక ఎక్కడిది?

ఎమ్మిగనూరు శివార్లలో లారీ ఇంకా కదల్లేదు. బిందెలు, కట్టెలు, మూటలు పైకెక్కుతున్నాయి. ఉసేనమ్మ మనవరాలిని చంకనేసుకుని నిలబడి ఉంది. మాత్రలేవమ్మా అంటే జొన్నరొట్టెల మూట విప్పింది. సగానికి పైగా మాత్రలు అందులోనే ఉన్నాయి.

"జరం తగ్గిపాయె గదప్పా. తగ్గినాంక మింగితే దండగ. ఆడ మా గుంపులో ఎవురికి జరమొచ్చినా పనికొస్తాయని దాసిపెట్టినా."

సుగ్గికి పోయేవాళ్లు రొట్టెలు ముందే కాల్చి, ఎండబెట్టి మూటకట్టుకుంటారు. మందునూ అలాగే కట్టుకుంది. నాకు కోపం వచ్చింది, మరుక్షణం జాలేసింది. దాచింది తనకోసం కాదు కదా. కానీ పరీక్ష చేయకుండా ఆ మాత్ర ఇంకొకరికి ఇస్తే, కొందరికి రక్తమే దెబ్బతింటుంది. ఇల్లలకగానే పండగ కాదమ్మా అంటే నవ్వింది.

"చేలో తుంగ పైపైన కోస్తే పోతుందా?" అని అడిగాను.

"యాడ పోతాది? అడుగున గడ్డ తవ్వల్ల."

"మీ ఒంట్లోనూ ఆ గడ్డ మిగిలే ఉంది. అక్కడ గుడిసెలో మీకు తిరగబెడితే, దోమ దాన్ని మీ నుంచి ఈ పిల్లకు మోస్తుంది."

ఆమె నవ్వు ఆగిపోయింది. పిల్లను కిందకి దించి, రొట్టె తుంచి తిని, నా ముందే మాత్ర మింగింది. తక్కినవి ఎవరికీ ఇవ్వనంది. కోర్సు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క కాబట్టి, తక్కువ పడేవి ఇచ్చాను. గుంపులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు రక్తపరీక్ష చేయించమని, వాళ్లను పనికి తీసుకుపోయే మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. అతను కూలీలను "ఎక్కల్ల, ఎక్కల్ల" అని అరుస్తూనే తలూపాడు.

"మేస్త్రీ ఫోన్తో రోజూ మాపటికి మిస్డ్ కాల్ ఇస్తాలేప్పా. వస్తే మింగినట్ల" అంది ఉసేనమ్మ, లారీ పైనుంచి.

మందు కనిపెట్టడం ఒక ఎత్తు, ఆఖరి మాత్ర మనిషి కడుపులో పడేదాకా వెంటపడడం ఇంకో ఎత్తు. రెండోదానికి మైక్రోస్కోపు అక్కరకు రాదు. మీరూ సుగ్గి రోజుల్లో ఈ పల్లెల్లో ఎవరినైనా కలవాలనుకుంటే, నేరుగా ఊరికి పరుగెత్తకండి. ముందు ఎమ్మిగనూరులో లారీలు ఆగే చోట అడగండి. మొన్న సాయంత్రం మిస్డ్ కాల్ వచ్చింది. నిన్న కూడా వచ్చింది. ఇది రాస్తుండగానే పొద్దు గూకింది. ఇవాళ్టిది ఇంకా రాలేదు.